రోకలి లేని పొన్ను

నేను ఒక పొన్నును. రోకలి అడుగున తొడిగే ఇనుప కట్టును. ఇంతవరకూ మామూలు సంగతే. చిత్రమేమిటంటే నాకు రోకలి లేదు. నలభై ఏళ్ళకు పైగా నేను ఒక్క సామ గింజను కూడా దంచలేదు. అయినా నీరుగొంది ఊళ్ళో నాకు జరిగే మర్యాద ఏ రోకలికీ జరగదు. వారానికొక ఇంటి వాళ్ళు నాకు పసుపు రాసి తీసుకుపోతారు. పిల్లలు నన్ను దొర్లించి ఆడబోతే పెద్దవాళ్ళు చేయి పట్టి ఆపుతారు. ఇనుముకు గర్వం ఉండకూడదంటారు కానీ, ఇంత మర్యాద దొరికితే మీరైనా కొంచెం మెరుస్తారు.

నేను పుట్టింది కొండ దిగువన, సంత జరిగే ఊళ్ళో. విరిగిన బండి చక్రం పట్టాలోంచి జానెడు ముక్క తెంపి, కొలిమిలో ఎర్రగా కాల్చి, గుండ్రంగా వంచి, కొసలు అతికాడు ఒక కమ్మరి. ఆయన చేయి ధారాళం. అవసరమైన దానికన్నా నన్ను ఒక వేలెడు పెద్దగా చేశాడు. కొండరెడ్ల కోడలు పోతమ్మ ఒక బుట్ట చింతపండు ఇచ్చి నన్ను తెచ్చుకుంది. నా కొలతకు తగ్గట్టు చండ్ర కొయ్యతో లావుపాటి రోకలి చేయించుకుంది. ఆ నాలుగేళ్ళూ నా పెళ్ళి రోజులని చెప్పాలి. తెల్లారేసరికి రోట్లో సామలు, పక్కన పోతమ్మ తోడికోడలి రోకలి, ఒకటి లేస్తే ఒకటి పడే చప్పుడు. అంతకన్నా మంచి ఉద్యోగం నాకు తెలియదు.

అప్పుడు పులిగట్టు మీదికి కూపు వచ్చింది, చెట్లు నరుక్కునే గుత్త. పులిగట్టు అంటే నీరుగొంది వెనక ఉన్న కొండ. ఊరికి దుంపలూ, తేనే, జీలుగు కల్లూ, ఇంటి వాసాలూ, వాగు నీళ్ళూ అన్నీ దాని మీది నుంచే దిగుతాయి. ఎక్కడో ఎవరో ఇచ్చిన కాగితం పట్టుకుని ఒక కాంట్రాక్టరు వచ్చాడు. రెండు వేసవులు గొడ్డళ్ళ చప్పుడే. మూడో ఏడు శివరాత్రికే వాగు ఇంకిపోయింది. ఆ ఏడే పోతమ్మ రోకలి నెర్రెలిచ్చి చీలిపోయింది. నన్ను ఊడదీసుకుని, కొత్త కొయ్య కోసం ఆమె మొగుడితో కలిసి కొండెక్కింది. మూడు రోజులు తిరిగారు. ఎక్కడ చూసినా మోళ్ళు, వాటి మధ్య వేలి లావు మొక్కలు. నాలుగో రోజు ఆమె ఊరి పెద్ద ముందు నన్ను పెట్టింది. ఆ పెద్దను వీళ్ళు పెద్దకాపు అంటారు. ఆయన పోతమ్మకు మామగారే.

"దీనికి సరిపడే కొయ్య కొండంతా గాలించినా లేదు మావా. రోకలికి కొయ్య లేని కొండ ఉంటే ఏటి, పోతే ఏటి," అంది.

ఆ మాటతో ఊరు కూర్చుంది. కూర్చున్నవాళ్ళు లేచేసరికి నా ఉద్యోగం మారిపోయింది. రోకలి కన్నా సన్నని చెట్టును ఎవరూ కొట్టకూడదు. ఆ రోకలి లావు ఎంతో చెప్పేది నేను. నన్ను తాడుకు కట్టి చెట్టు వెనక వేలాడదీస్తారు. ఎదురుగా నిలబడి చూస్తారు. కాండానికి అటూ ఇటూ నా అంచులు కనిపిస్తే ఆ చెట్టు జోలికి వెళ్ళకూడదు. నేను కనిపించకుండా పోతే కొట్టుకోవచ్చు. కొట్టిన కర్ర మీద అనుమానం వస్తే నన్ను దాని మొదట్లో తొడుగుతారు. దూరిందా, తప్పు జరిగినట్టే. వారానికొక ఇంటి వంతు. నేను ఎవరింట్లో ఉంటే ఆ ఇంటివాళ్ళు రోజూ కొండ చుట్టి రావాలి. నిప్పు చూడాలి, గొడ్డలి చప్పుడు వినాలి. వారం తిరిగి సంత రోజు రాగానే నన్ను పక్కింటికి ఇచ్చేయాలి.

తప్పు జరిగితే నా అంచు మీద ఆకురాయితో ఒక గాటు పెడతారు. అలా నా ఒంటి మీద ఏడు గాట్లున్నాయి. ఊరికి అవి చాలా సిగ్గు. నన్ను గోడకు తగిలించేటప్పుడు గాట్లున్న వైపు గోడకేసి తిప్పుతారు.

కొండ తిరిగి పచ్చబడింది. వాగు వేసవి దాకా పారడం మొదలుపెట్టింది. పోతమ్మ పోయింది, ఆమె కొడుకు సింగిరెడ్డి పెద్దకాపు అయ్యాడు. కొండ పచ్చబడితే కాంట్రాక్టర్లకు కూడా కళ్ళు పచ్చబడతాయి. మళ్ళీ కూపు వస్తుందని కబురు తెలిసింది. ఈసారి ఊరు ముందే మేలుకుంది. ఈ కొండను తరాలుగా మేమే కాపాడుకుంటున్నాం, దీని మీద హక్కు మా ఊరికి రాసివ్వండి అని చట్టం ప్రకారం దరఖాస్తు పెట్టింది. ఏడాది తర్వాత ఫైలు వెనక్కి వచ్చింది. కాపాడుతున్నట్టు ఆధారం లేదట. మళ్ళీ పెట్టారు. ఈసారి ఒక ఆఫీసరమ్మ స్వయంగా వచ్చి కొండ నడిచి చూస్తుందన్నారు. ఆమె రాసేదాన్ని బట్టి పులిగట్టు ఊరిదవుతుంది, లేదా వానలు వెనకబట్టగానే కూపుకి పోతుంది.

సరిగ్గా ఆ వారమే వంతు పండురెడ్డి ఇంటికి వచ్చింది.

పండురెడ్డికి పెళ్ళై నెలన్నర. భార్య చిన్నాలు వాగు అవతలి ఊరి పిల్ల. ఇన్ని ఇళ్ళు తిరిగాను కానీ అంత సంబరపడే మనిషిని చూడలేదు. కొత్త గది గడ్డి కప్పు వాసన ఆమెకు సంబరం. మొగుడు అల్లి ఇచ్చిన వెదురు దువ్వెన సంబరం. వాగులో కాళ్ళకు చేపపిల్లలు తగిలితే ఆ సంగతి సాయంత్రం దాకా చెబుతుంది. నన్ను చేతికిచ్చినప్పుడు ముందు గాజులా తొడుక్కుని చూసింది. మోచేతి దాకా జారిపోతే నవ్వింది. తర్వాత అత్తగారు నా సంగతి చెప్పింది. అప్పుడు తీసి కళ్ళకద్దుకుని, పైన అడవిమల్లె దండ చుట్టింది. నలభై ఏళ్ళలో నాకు పూలు పెట్టింది ఆమె ఒక్కతే.

ఆఫీసరమ్మ రావడానికి ముందు రోజు మధ్యాహ్నం. చిన్నాలు కొండ తిరిగి వచ్చి చెమట తుడుచుకుంటూ నన్ను తగిలించడానికి చోటు వెతికింది. కొత్త గది చూరు కింద వాసాల మొదళ్ళు బయటికి పొడుచుకుని ఉన్నాయి. ఒకదానికి నా తాడు తగిలిద్దామని చేయెత్తింది.

తగులుకున్నది తాడు కాదు, నేను. దూరిపోయాను. సర్రున జారి గోడ దాకా పోయాను.

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. నన్ను బయటికి లాగి మరో వాసానికి పెట్టింది. అది నన్ను రానివ్వలేదు. ఇంకోటి. అందులోనూ దూరిపోయాను. చూరు చుట్టూ పీట జరుపుకుంటూ ఒక్కొక్క వాసం చూసింది. మొత్తం ఇరవై రెండు. అందులో తొమ్మిదింటిలో నేను దూరాను. ఆమె పీట మీదే కూర్చుండిపోయింది. మల్లె దండ ఎక్కడో జారి పడింది, వెతకలేదు.

పొద్దు వాలుతుండగా పండురెడ్డి వచ్చాడు.

"మావా, మన వాసాలు దేంతో కొలిచావు?"

"రోకలితో. ఏం?"

"పొన్నుతో కాదా?"

"పొన్ను అప్పుడు గురవమ్మత్త ఇంట్లో ఉంది. ఆళ్ళింట పురుడొచ్చింది. పురుడు తీరేదాకా గడప దాటి ఏదీ రాకూడదు కదా. పెళ్ళేమో దగ్గరకొచ్చేసింది." మూలన ఉన్న కొత్త రోకలి చూపించాడు. "అదిగో, దాన్నే చెట్టుకానించి చూసి కొట్టాను. రోకలి కన్నా సన్నంది కొట్టకూడదనే కదా కట్టుబాటు."

ఆమె ఆ రోకలి తెచ్చి, దాని కొసను నాలో దూర్చింది. నా చిల్లులో ఇంకా ఒక వేలు పట్టే ఖాళీ మిగిలింది. ఆ రోకలి సంతలో కొన్నది. దాని పొన్ను ఏదో గొట్టాన్ని ముక్కలుగా కోసి చేసింది. ఇప్పటి రోకళ్ళన్నీ అంతే. రోకలి లావు అంటే తన ఇంటి రోకలి లావని అతను నిజంగానే నమ్మాడు. ఇలాంటి పొరపాటు నీరుగొందిలో తప్ప ఇంకెక్కడా జరగదు.

పండురెడ్డి చూరు కేసి చూశాడు.

"ఎక్కడ కొట్టావు?"

"నెమలివాగు మలుపులో. మోళ్ళు ఉంటాయి." అతను రోకలిని మళ్ళీ మూలన పెట్టాడు. "ఎల్లుండి నేనే ఎల్లి పెద్దకాపుకి చెప్పేత్తాను. రేపొక్క రోజు ఊరుకో."

"రేపు పొన్ను పట్టుకుని ముందు నడిచేది నేను."

"ఊరంతటి పని చెడిపోద్ది పిల్లా. మన తొమ్మిది కర్రల కోసం."

"అయ్యి మనయ్యి కాదు కదా మావా," అంది చిన్నాలు.

ఆమె వండింది, అతను తిన్నాననిపించాడు. నెలన్నరలో ఆ గదిలో నవ్వు వినపడని పూట అదొక్కటే.

పొద్దున్నే పెద్దకాపు వచ్చాడు. చేతిలో పసుపులో ముంచిన గుడ్డ పీలిక. నా గాట్లు కనపడకుండా దాన్ని నా చుట్టూ గట్టిగా చుట్టి ముడివేశాడు.

"ఇయ్యి చూత్తే దొంగల ఊరనుకుంటారు. ఎవరడిగినా విప్పమాకమ్మా," అన్నాడు. చిన్నాలు నోరు తెరవబోయింది. ఈలోపు వీధిలో జీపు ఆగింది. ఆయన కండువా సర్దుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆఫీసరమ్మ నడివయసు మనిషి. కాన్వాసు బూట్లు, గొడుగు, చంకలో ఫైలు. ఆమె వెనకే కాంట్రాక్టరు గుమాస్తా కూడా దిగాడు. అభ్యంతరం చెప్పుకునే హక్కు తమకూ ఉందన్నాడు. అతని బూట్లకు అప్పటికే పులిగట్టు ఎర్రమట్టి అంటి ఉంది. అంటే ముందే వచ్చి తిరిగి పోయాడన్నమాట. ఆ మట్టిని నేను చూశాను, చిన్నాలు కూడా చూసింది. నన్ను పట్టుకున్న ఆమె అరచేయి తడిసిపోయింది.

కొండెక్కుతూ ఆఫీసరమ్మ అడిగింది. "ఈ కొండను మీరే కాపాడుతున్నారనడానికి ఆధారం ఏమిటి?"

"కొండే ఆధారం," అన్నాడు సింగిరెడ్డి. "చెట్లు కనపడతన్నాయి కదమ్మా."

"చెట్లున్నాయి. అవి మీ వల్ల ఉన్నాయని ఎవరు చెబుతారు? కట్టుబాటు ఉందంటారు. అది నిజంగా నడుస్తోందని నేనెలా రాయాలి?"

ఆయన కండువాతో మెడ తుడుచుకున్నాడు. ఆమె ఫైల్లో ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది.

దారి రెండుగా చీలిన చోట గుమాస్తా ముందుకొచ్చాడు. "ఇటు రండి మేడమ్, నెమలివాగు వైపు. వీళ్ళ కాపుదల ఎలాంటిదో నేను చూపిస్తాను. లేత మొక్కల్ని నరికి పారేశారు."

"చూపించమనండి," అన్నాడు పెద్దకాపు. ఆయన గొంతు పెరగడం నేను అరుదుగా విన్నాను. "రోకలి కన్నా సన్నంది మా ఊరోళ్ళు ముట్టరు. ముట్టినట్టు చూపిత్తే ఈ కొండ మాకొద్దు. అలాగే రాసుకోండమ్మా."

వెనక నడుస్తున్న ఊరి జనం అవునన్నారు. ఆఫీసరమ్మ కలం తీసింది. వాగు మలుపు ఇంకో రెండు వందల అడుగులు. పండురెడ్డి నేల చూపులు చూస్తున్నాడు. నేను ఇనుము కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ పిల్ల పిడికిట్లో చితికిపోయి ఉండేదాన్ని.

చిన్నాలు ఆగిపోయింది. ఆమె ఆగితే అందరూ ఆగాలి, పొన్ను పట్టుకున్న మనిషిని దాటకూడదు.

"ఆ మాట ఎనక్కి తీసుకో తాతా," అంది.

"ఏటమ్మా?"

"అక్కడ తొమ్మిది మోళ్ళున్నాయి. మా ఇంటియ్యే. వాసాలకి కొట్టాం. నిన్న పొన్ను పెట్టి చూశాను, దూరిపోయింది."

పండురెడ్డి ముందుకొచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. "కొట్టింది నేను. దానికి తెలీదు. సంత రోకలితో కొలిచాను."

గుమాస్తా నవ్వాడు. "ఇంకేం రాస్తారు మేడమ్, వాళ్ళే ఒప్పుకున్నారు. కొండ వద్దని పెద్దాయన కూడా అన్నాడు."

పెద్దకాపు అక్కడే ఒక బండ మీద కూర్చున్నాడు. చిన్నాలు వైపు చూశాడు. ఆయన తిడతాడని అందరూ ఎదురుచూశారు. ఆయన మాత్రం ఎదురుగా ఆఫీసరున్న సంగతే మరిచిపోయినట్టు తన పని మొదలుపెట్టాడు. పొన్ను ఎక్కడుంటే తీర్పు అక్కడే. అది ఆచారం.

"మాట జారింది నాది. ముందు అది తప్పు," అన్నాడు. "పండూ, తొమ్మిది వాసాలూ ఇయ్యాలే ఊడదియ్యి. మోసుకొచ్చి మోళ్ళ పక్కనే పడెయ్యి. కాల్చకూడదు, వాడకూడదు. కొండది కొండకే. కర్రకొక వంతు. తొమ్మిది వారాలు పొన్ను మీ ఇంట్లోనే, కాపలా మీ ఇద్దరిదే. మోళ్ళు చిగురేత్తే కంప కట్టి మేకలు ముట్టకుండా చూసుకోవాలి. సాయంత్రం గాటు పెడతాను."

"వానలు దగ్గరకొచ్చాయి పెద్దకాపూ, కొత్త పిల్ల," అన్నారెవరో.

"వానలకి తెలుసా కొత్తా పాతా," అన్నాడు.

"గాటా?" అంది ఆఫీసరమ్మ.

చిన్నాలు మెల్లగా ముడి విప్పి గుడ్డ తీసేసింది. నా ఏడు గాట్లూ ఎండలో బయటపడ్డాయి. నలభై ఏళ్ళలో బయటివాళ్ళెవరూ నన్ను ఆ వైపు నుంచి చూడలేదు. ఆఫీసరమ్మ నన్ను చేతిలోకి తీసుకుని, గోటితో ఒక్కొక్క గాటూ తడిమింది.

"ఇవన్నీ తప్పులా? ఎవరెవరివి?"

ఆయన తల వంచుకుని చెప్పాడు. మొదటిది వాగు వంతెన కొట్టుకుపోయిన ఏడు, ఫలానా ఇంటివాళ్ళది, రెండు కర్రలు. రెండోది జీలుగు చెట్లకు తెగులు వచ్చిన ఏడు. ఏడింటికీ ఇంటిపేర్లు చెప్పాడు, శిక్షలు చెప్పాడు. ఆమె రాసుకుంటూనే ఉంది. మూడోది దాటవేశాడు.

"మూడోది చెప్పలేదు."

"మా అయ్యది. అప్పటికి ఆయనే పెద్దకాపు. నాగలికి కర్ర కొట్టాడు. ఎవరూ చూళ్ళేదు." ఆయన మళ్ళీ చిన్నాలు వైపు చూశాడు. "మా అమ్మ చెప్పేసింది. ఊరందరి ముందూ."

పోతమ్మ ఆ రోజు నన్ను పట్టుకున్న పట్టు నాకు గుర్తుంది. సరిగ్గా ఇలాగే, తడి అరచేత్తో.

ఆఫీసరమ్మ కలం మూసింది. "ఈ గుడ్డ ఎందుకు చుట్టారు?"

"సిగ్గుతో అమ్మా."

"పోయినసారి మీ ఫైలు వెనక్కి పోయింది ఇది లేకే. తప్పు చేసినవాళ్ళ పేర్లు, వేసిన శిక్ష. కట్టుబాటు నడుస్తోందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?"

గుమాస్తా ఏదో అనబోయాడు. "మీ కూపులో ఎవరికైనా శిక్ష పడిందా ఎప్పుడైనా?" అని ఆమె మామూలుగానే అడిగింది. అతను తన బూట్లకంటిన మట్టి దులుపుకోవడంలో పడ్డాడు.

"హక్కు ఇవ్వడం నా చేతిలో లేదు," అంది పెద్దకాపుతో. "చూసింది చూసినట్టు రాస్తాను. దీన్ని ఆఫీసుకి తీసుకెళ్ళవచ్చా? ఆధారంగా ఉంటుంది."

"అది కుదరదమ్మా. తొమ్మిది వారాలు ఈళ్ళింట్లో ఉండాలి."

ఇక ఆమె తన కలాన్ని నా పక్కన పెట్టి అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకుంది. గాజుపెట్టెలో కూర్చునే అవకాశం అలా తప్పిపోయింది. నాకేం విచారం లేదు.

ఆ సాయంత్రం ఎనిమిదో గాటు పడింది. కొంచెం నొప్పి, బోలెడు చక్కిలిగింత. కొత్త గది కప్పు సగం తెరుచుకుంది. పదో రోజుకే మొదటి వాన దిగింది. మిగిలిన కప్పు కింద ఒక మూల ధాన్యం గంప, దాని పక్కన ఇద్దరూ ముడుచుకుని కూర్చున్నారు. చిన్నాలు గిన్నెలన్నీ వరసగా పెట్టి, ఏ గిన్నెలో చినుకు ఏ చప్పుడు చేస్తోందో మొగుడికి వినిపించింది. ఇనప మూకుడు గెలిచిందట. నాకూ ఒక చినుకు తగిలించి చూసింది. నేను రెండో స్థానం.

తొమ్మిది వారాలు రోజూ ఇద్దరే కొండ చుట్టారు. ఊళ్ళో అందరూ అది పెద్ద శిక్ష అనుకుని జాలిపడ్డారు. అత్తగారూ మామగారూ చూడని అడవిలో, కొత్త దంపతులు పొద్దున వెళ్ళి సాయంత్రం తిరిగి రావడం శిక్ష అయితే, ఊళ్ళో చాలామంది తప్పు చేసి ఉండవలసింది. నాకు రోజూ అడవిమల్లెలే. చివరి వారం నన్ను పక్కింటికి అప్పజెప్పేటప్పుడు చిన్నాలు ఏడ్చింది. పక్కింటావిడకు అర్థం కాలేదు.

చలికాలం మొదట్లో కాగితం వచ్చింది. పులిగట్టు నీరుగొంది ఊరి ఉమ్మడి అడవి అని, కాపాడుకునే హక్కూ వాడుకునే హక్కూ ఊరిదేనని రాసి ఉందట. పెద్దకాపు దాన్ని మూడుసార్లు చదివించుకుని, మడిచి, పసుపు గుడ్డలో చుట్టి దాచాడు. నా గాట్లకు చుట్టిన గుడ్డే అది. ఇప్పుడు నన్ను గోడకు తగిలించేటప్పుడు గాట్లున్న వైపు ఇటు తిప్పుతున్నారు.

నెమలివాగు మలుపులో తొమ్మిది మోళ్ళలో ఏడు చిగురించాయి. చుట్టూ కంప కట్టి ఉంది. వంతు ఎవరిదైనా సరే, సంత రోజు చిన్నాలు వచ్చి నన్ను అడిగి తీసుకుంటుంది. అక్కడికి తీసుకెళ్ళి, అన్నిటికన్నా ఎత్తైన చిగురు వెనక నన్ను వేలాడదీస్తుంది. ఎదురుగా నిలబడి ఒక కన్ను మూసి చూస్తుంది. నేను ఇటూ కనిపిస్తాను, అటూ కనిపిస్తాను. చిగురు ఆమె చిటికెన వేలంత ఉంది.

"ఇంకా కనపడతన్నావు," అని నవ్వుతుంది.

అవును, ఇంకా కనిపిస్తున్నాను. ఆ చెట్టు వెనక నేను పూర్తిగా మాయమయ్యే రోజు కోసం చూస్తున్నాను.